కన్నులు గల నగరము

క్రీ.శ. 1854వ సంవత్సరము ఆగస్టు నెల చివరి దినములలో, లండను మహానగరమందలి సోహో యను పేటలో కలరా వ్యాధి ప్రబలెను. పది దినములలోనే ఐదువందలమందికి పైగా మరణించిరి. కలరా చెడుగాలి వలన వ్యాపించునని ఆ కాలమున పెద్ద పెద్ద వైద్యులు సైతము నమ్మియుండిరి. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము ఆ మాట నంగీకరింపలేదు. అతడు మరణముల పట్టికను చేతబట్టుకొని ఇంటింటికిని తిరిగెను. చనిపోయినవారు ఎచ్చటి నీరు త్రాగిరని బంధువుల నడిగెను. వారిలో పెక్కుమంది బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు నీటినే త్రాగిరని తేలెను. అతని మాట విని అధికారులు సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని ఊడదీయించిరి. పిమ్మట ఆయన ఒక పటము గీచి, మరణించినవారి యిండ్లను దానిపై నల్లని గీతలతో గుర్తించెను. ఆ గీతలు పంపు చుట్టును గుమిగూడి కనబడెను.

ఈ కథ అనేకులకు తెలిసినదే. కాని అందొక ముఖ్యమైన విషయము కలదు. స్నో వైద్యుడు పట్టికలో ఉన్న పేర్లను మాత్రమే విచారింపలేదు. లేని పేర్లను గూర్చియు విచారించెను. ఆ పంపునకు దగ్గరలోనే పేదల శ్రమాలయ మొకటి యుండెను. అందు ఐదువందలమందికి పైగా నివసించుచున్నను, కలరాతో మరణించినవారు ఐదుగురే. ఏల? ఆ శ్రమాలయమునకు వేరుగా ఒక బావి యుండెను. మరియొకవైపు, హాంప్‌స్టెడ్ అను దూరపు పేటలో ఒక వృద్ధురాలు కలరాతో మరణించెను. ఆమెకు బ్రాడ్ వీధి పంపునీటి రుచి ఇష్టమగుటచే ప్రతిదినము బండిపై తెప్పించుకొని త్రాగుచుండెడిది. ఈ రెండు సంగతులే స్నో అభిప్రాయమునకు గట్టి ఋజువులైనవి. వ్యాధి నెదుర్కొనవలెనన్న ముందు అది ఎచ్చట నున్నదో తెలియవలెను. అది తెలియవలెనన్న, మన లెక్కలో ఉన్నవారిని మాత్రమే కాక, లేనివారిని గూడ చూడవలెను.

నేటి నగరములకు స్నో వైద్యునికి లేని కన్నులు పెక్కు గలవు. ప్రతి మనిషి చేతిలోను ఫోను, ప్రతి కూడలిలోను కెమెరా, ప్రతి ఆసుపత్రిలోను కంప్యూటరు ఉన్నవి. సమాచారమును అంకెలుగా మార్చి క్షణములో దూరమునకు పంపగల ఈ యంత్రములనే డిజిటల్ సాధనములందురు. అట్టి సాధనములతో నిండిన నగరమును మహమ్మారి ముట్టడించినపుడు ఏమగును? ఆ కన్నులన్నియు నిజముగా చూచునా? ఈ ప్రశ్నకు సమాధానము కొరకు మనము సింగపూరునకు పోవలెను.

సింగపూరు ఒక చిన్న ద్వీపము. నగరమును దేశమును రెండును అదియే. 1965లో స్వతంత్ర దేశమైనది. 2020లో అక్కడి జనసంఖ్య సుమారు 57 లక్షలు. చీనా, మలయా, తమిళ ప్రజలు అక్కడ కలసి జీవించుచున్నారు. పనికొరకు పరదేశములనుండి వచ్చినవారు లక్షలకొలది గలరు. వారిలో తెలుగు నేలనుండి వెళ్ళినవారును ఉన్నారు. 2014లో ఆ ప్రభుత్వము తమ దేశమును "స్మార్ట్ నేషన్", అనగా సాధనముల సాయముతో తెలివిగా నడచు దేశముగా తీర్చిదిద్దుదుమని ప్రకటించెను.

అంతకు ముందే ఆ నగరము ఒక చేదు పాఠము నేర్చికొనియుండెను. 2003లో సార్స్ అను ఊపిరితిత్తుల వ్యాధి అక్కడ ప్రవేశించి 238 మందికి సోకెను. 33 మంది ప్రాణములు గోల్పోయిరి. రోగులకు సేవచేసిన వైద్యులు, నర్సులు సైతము ఆ వ్యాధి వాతబడిరి. ఆ దినములలోనే అక్కడి ఇంజనీరులు, నడచిపోవువారి శరీరపు వేడిని దూరమునుండియే పసిగట్టు కెమెరాను సిద్ధపరచిరి. బడిపిల్లల కెల్లరకును జ్వరము చూచుకొను థర్మామీటర్లను పంచిరి. రోగి ఎవరెవరిని కలిసెనో వెదకి తెలిసికొను పద్ధతిని అభివృద్ధి చేసిరి. 2019లో అంటువ్యాధుల కొరకు జాతీయ కేంద్రమును నెలకొల్పిరి. ఇట్లు ఆ నగరము తరువాతి ఆపదకై సిద్ధముగా నుండెను.

ఆ ఆపద రానేవచ్చెను. 2020 జనవరి 23వ తేదీన సింగపూరులో మొదటి కోవిడ్-19 రోగిని గుర్తించిరి. వెంటనే యంత్రాంగము కదలెను. రోగి గత పదునాలుగు దినములలో ఎచ్చట భుజించెను, ఏ బండి ఎక్కెను, ఎవరితో మాటలాడెను అను వివరములను ఉద్యోగులు సేకరించుచుండిరి. సైనికులు ఫోనుల యొద్ద కూర్చుండి, రోగిని కలిసినవారి నొక్కొక్కరినే పిలిచి విచారించుచుండిరి. పోలీసులు కెమెరాలలోని చిత్రములను పరిశీలించి సాయపడుచుండిరి. ప్రభుత్వము ప్రతిదినము నిజమైన సంఖ్యలను నాలుగు భాషలలో ప్రజల ఫోనులకు పంపుచుండెను. పుకార్లు పుట్టకముందే నిజము ఇంటికి చేరుచుండెను.

కాని మనిషి జ్ఞాపకమునకు హద్దు గలదు. రైలులో మన ప్రక్కన అరగంటసేపు కూర్చున్నవారి పేరు మనకు తెలియునా? తెలియదు. ఈ లోటు తీర్చుటకై 2020 మార్చి 20వ తేదీన "ట్రేస్ టుగెదర్" అను ఫోను పరికరము బయలుదేరెను. "కలసి జాడ తీయుదము" అని ఆ పేరునకు భావము.

అది పనిచేయు విధము చక్కగా నర్థము చేసికొనదగినది. రద్దీగల సంతలో ప్రతి మనిషియు ఒక రహస్యపు గుర్తు వ్రాసిన చీటీలను జేబులో పెట్టుకొని తిరుగుచున్నాడనుకొనుడు. తన దగ్గరకు వచ్చి కొంతసేపు నిలిచినవారికి ఒక చీటీ నిచ్చి, వారి చీటీని తాను పుచ్చుకొనును. చీటీపై పేరు లేదు, ఊరు లేదు. కొలది నిమిషములకొకసారి గుర్తు గూడ మారిపోవును. ఆ గుర్తు ఎవరిదో ఆరోగ్యశాఖకు మాత్రమే తెలియును. ఒకనికి వ్యాధి సోకెనని తేలినపుడు, అతడు తన జేబులోని చీటీలను ఆరోగ్యశాఖకు అప్పగించును. వారు ఆ గుర్తుల సాయముతో అతని దగ్గర మెలగినవారిని కనుగొని హెచ్చరింతురు. ఈ చీటీల మార్పిడిని ఫోనులు బ్లూటూత్ అను రేడియో తరంగములతో తమంత తామే చేసికొనును. మనిషి ఎచ్చట నుండెనో ఆ పరికరము వ్రాసికొనదు. ఎవరి సమీపమున నుండెనో అను సంగతి మాత్రమే వ్రాసికొనును. 25 దినములు గడచిన పిమ్మట పాత గుర్తులు చెరిగిపోవును.

ఈ పరికరమునకు తోడుగా, దుకాణములలోను కార్యాలయములలోను ప్రవేశించునపుడు ద్వారమువద్ద క్యూఆర్ గుర్తును ఫోనుకు చూపు ఏర్పాటు కూడ వచ్చెను. ఈ రెండింటి ఫలితముగా, రోగిని కలిసినవారిని వెదకుటకు మునుపు నాలుగు దినములు పట్టుచుండగా, ఆ పని ఒకటిన్నర దినములోపలనే ముగియసాగెను. అంటువ్యాధి విషయములో రెండు దినములు కలసివచ్చుట యనగా, ఎన్నియో కుటుంబములు రోగమును తప్పించుకొనుట.

అయితే ఫోను లేని ముసలివారి మాటేమి? ఉన్నను దాని నుపయోగింప తెలియనివారి మాటేమి? వ్యాధివలన ఎక్కువ అపాయము వారికే. వారిని విడిచిన జాడ తీయుట సగము కన్ను మూసికొని చూచుట వంటిది. ఈ సంగతి గ్రహించి ప్రభుత్వము 2020 జూన్ నెలలో, మెడలోనో సంచిలోనో వేసికొనదగిన చిన్న బిళ్ళను వృద్ధులకు ఉచితముగా పంచనారంభించెను. దానికి ఫోను అక్కరలేదు. తరువాత అందరకును ఆ బిళ్ళలు లభించెను. బడులు మూసి ఇండ్లనుండి చదువు చెప్పవలసి వచ్చినపుడు, కంప్యూటరు లేని పిల్లలకు వేలకొలది కంప్యూటర్లను ఎరవిచ్చిరి.

ఇంతవరకు చదివినవారు, ఇక ఆ నగరమునకు లోటేమున్నదని యనుకొనవచ్చును. లోటు ఉన్నది. అదియే ఈ కథలో మనము మరువరాని భాగము.

సింగపూరులోని మింటినంటు మేడలను, సొరంగపు రైలుమార్గములను, ఓడలను నిర్మించువారు ముఖ్యముగా పరదేశపు కార్మికులు. బంగ్లాదేశమునుండియు, భారతదేశమునుండియు వచ్చినవారు వారిలో పెక్కుమంది. 2020లో సుమారు 3,23,000 మంది కార్మికులు వసతిగృహములలో నివసించుచుండిరి. ఒక్కొక్క గదిలో పదిమందికి మించి ఒకరిపైనొకరుగా అమర్చిన మంచములపై నిద్రించెడివారు. వంటయిల్లు, స్నానపుగది అందరకును ఉమ్మడి. మనిషికి మనిషికి దూరము పాటింపుడని నగరమంతటను ప్రకటనలు చేయుచుండిరి. కాని అట్టి గదిలో దూరము పాటించుట ఎట్లు? కార్మికుల మేలు కోరు సంస్థలు మార్చి నెలలోనే ఈ అపాయమును గూర్చి హెచ్చరించెను. ఆ హెచ్చరిక తగినంత వేగముగా పనిలోనికి రాలేదు.

ఏప్రిలు నెలలో వ్యాధి ఆ గదులలో ఎండుగడ్డిలో నిప్పువలె వ్యాపించెను. ఏప్రిలు 20వ తేదీన ఒక్కదినమే 1,426 మందికి వ్యాధి యున్నట్లు తేలెను. వారిలో అత్యధికులు వసతిగృహములవారే. ఆ దినములలో ప్రభుత్వము ప్రకటించుచున్న లెక్కలలో, నగరసమాజమందలి రోగులు ఒక వరుసగను, వసతిగృహములలోని రోగులు మరియొక వరుసగను ఉండెడివి. మొదటి వరుస చిన్నది, రెండవది కొండంత. ఆ రెండు వరుసలు చాలు, నగరపు చూపు ఎవరిపై నిలిచెనో, ఎవరిపై నిలువలేదో తెలియుటకు.

ఆ తరువాత జరిగిన కృషియు చెప్పదగినదే. అనేక శాఖలవారు కూడి ఒక దళముగా ఏర్పడి వసతిగృహములకు వెళ్ళిరి. వైద్యశిబిరములు వెలసెను. ప్రతి కార్మికునికిని భోజనము, వేతనము అందునట్లు చూచిరి. ఇంటివారితో మాటలాడుకొనుటకు ఫోను సౌకర్యము కల్పించిరి. వైద్యునికి కార్మికుని భాష తెలియక చిక్కు కలిగినపుడు, వైద్యవిద్య నభ్యసించిన ఒక బెంగాలీ యువతి, జ్వరము, దగ్గు, నొప్పి మొదలగు ప్రశ్నలను బెంగాలీలో చదివి వినిపించు సాధనమును తయారుచేసి వైద్యులకు అందించెను. అది గొప్ప యంత్రము కాదు. కాని అవసరమైన చోట అవసరమైన మాటను పలికెను.

ఆ సమయముననే శాస్త్రజ్ఞులు మరియొక ఉపాయము నుపయోగించిరి. వ్యాధి సోకినవాని మలములో ఆ వైరసు జాడలుండును. కావున వసతిగృహముల మురుగునీటిని సీసాలలో పట్టి పరీక్షించినచో, ఎవరును దగ్గకముందే ఆ భవనమున వ్యాధి యున్నదో లేదో తెలియును. ఈ పద్ధతిలో ఎవరి పేరును అడుగ నక్కరలేదు. ఎవరి ఫోనును చూడ నక్కరలేదు. మురుగుకాలువ ధనికుడు, పేద అను భేదము నెరుగదు.

2020 డిసెంబరు నాటికి పరీక్షల ఫలితములన్నియు లెక్కించి చూడగా, వసతిగృహవాసులలో నూటికి 47 మందికి ఆ వ్యాధి సోకిపోయినట్లు తేలెను. వారిలో పెక్కుమంది యువకులగుటచేతను, వైద్యము సకాలమున అందుటచేతను మరణములు మిక్కిలి తక్కువగా నుండెను. అది అదృష్టము. కాని నగరవాసులు తిరిగి వీధులలో సంచరింపసాగిన పిమ్మట గూడ, కార్మికులు ఏడాదికి పైగా తమ వసతిగృహములకును పనిచోటులకును మాత్రమే పరిమితులై యుండవలసి వచ్చెను. ఈ కష్టమునకు లెక్క కట్టుట సులభము కాదు.

ఈ కాలముననే నగరమునకు మరియొక పరీక్ష వచ్చెను. ట్రేస్ టుగెదర్ సమాచారమును జాడ తీయుటకు తప్ప మరి దేనికిని ఉపయోగింపమని ప్రభుత్వము మొదట మాట ఇచ్చియుండెను. ఆ మాటను నమ్మి, 2021 ఆరంభమునకు నూటికి 70 మందికి పైగా ప్రజలు ఆ పరికరమును స్వీకరించిరి. కాని 2021 జనవరిలో, నేరవిచారణ చట్టము ననుసరించి పోలీసులు ఆ సమాచారమును కోరవచ్చునని పార్లమెంటులో వెల్లడియయ్యెను. ఒక హత్యకేసులో అట్లు కోరియు నుండిరి. ప్రజలు నొచ్చుకొనిరి. హంతకుని పట్టుకొనుట తప్పని ఎవరును అనలేదు. ఒకందులకని తీసికొని మరియొకందులకు వాడుట తగునా యని అడిగిరి. ఆ శాఖను చూచు మంత్రి వివియన్ బాలకృష్ణన్, తాను ముందుగా ఈ సంగతి నాలోచింపలేదని సభలో ఒప్పుకొనెను. ఫిబ్రవరి నెలలో ప్రభుత్వము క్రొత్త చట్టము చేసి, హత్య, ఉగ్రవాదము మొదలగు ఏడు తరగతుల ఘోరనేరముల విచారణలో తప్ప ఆ సమాచారమును ముట్టరాదని హద్దు గీచెను.

ఈ సంఘటనను చిన్నదిగా ఎంచరాదు. అంటువ్యాధి కాలమున ప్రజల నమ్మకము మందువంటిది. తన సమాచారము తనకే ముప్పు తెచ్చునని శంకించిన మనిషి ఫోనును ఇంటివద్ద విడిచి వెళ్ళును. జ్వరము వచ్చినను దాచుకొనును. అప్పుడు వేయి కన్నులున్న నగరమునకు గూడ ఏమియు కనబడదు.

నమ్మకము నిలిచిన చోట ఫలితములు గొప్పగనే యుండెను. 2021 ఆగస్టు చివరకు దేశజనములో నూటికి 80 మందికి రెండు మోతాదుల టీకా అందెను. సమయమును ఫోనుద్వారా నిర్ణయించుకొను సౌకర్యముండెను. దానితోపాటు, కదలలేని వృద్ధుల యిండ్లకు నర్సులు స్వయముగా వెళ్ళి టీకా వేసిరి. కోవిడ్ సోకినవారిలో మరణించినవారి శాతము ప్రపంచములో అతి తక్కువగా నుండిన దేశములలో సింగపూరు ఒకటి. ఆపద తీరిన పిమ్మట, 2023 ఫిబ్రవరిలో ట్రేస్ టుగెదర్ ఏర్పాటును నిలిపివేసిరి. ఆ హత్యకేసునకు సంబంధించిన భాగము తప్ప సేకరించిన సమాచారమును చెరిపివేసిరి. బిళ్ళలను ప్రజలనుండి తిరిగి తీసికొనిరి. పని తీరిన పరికరమును ప్రక్కన పెట్టుట గూడ ఒక మంచి పద్ధతియే.

2023 మార్చిలో ప్రభుత్వము తన అనుభవములను ఒక శ్వేతపత్రముగా ప్రకటించెను. అందు తాము సాధించినదానిని చెప్పుటయే కాక, కార్మికుల వసతిగృహముల విషయములో ఇంతకంటె మేలుగా వ్యవహరించి యుండవలసినదని ఒప్పుకొనెను. క్రొత్తగా కట్టు వసతిగృహములలో గదికి 12 మందికి మించి యుండరాదని అంతకు ముందే, 2021లో, నియమము చేసిరి. ఒక గది నిర్మాణమును మార్చుట కూడ వైద్యమే యని ఆ నియమము చెప్పక చెప్పుచున్నది.

సింగపూరు కథనుండి మనము నేర్చికొనవలసిన దేమి? యంత్రములు వ్యర్థములని కాదు. నాలుగు దినముల పనిని ఒకటిన్నర దినములో ముగించిన యంత్రము ఎందరి ప్రాణములను కాచెనో! యంత్రములే చాలునని గూడ కాదు. యంత్రము మనము చూపిన వైపునకే చూచును. ఎవరిని లెక్కలో చేర్చవలెనో, సేకరించిన లెక్కను దేనికి వాడవలెనో, దేనికి వాడరాదో నిర్ణయింపవలసినవాడు మనిషి. ఫోను లేని వృద్ధురాలికి బిళ్ళనిచ్చినపుడు నగరము కన్ను తెరచెను. గదిలో క్రిక్కిరిసిన కార్మికుని మరచినపుడు, అదే నగరము, అన్ని సాధనములు ఉండియు, కన్ను మూసికొనెను. వ్యాధికి ఆ భేదము లేదు. అది ఎవరును చూడని గదినే వెదకికొని పోవును.

నూట డెబ్బది ఏండ్ల క్రిందట స్నో వైద్యుని చేతిలో ఒక పట్టికయు, పెన్నును తప్ప మరేమియు లేవు. అయినను అతడు తలుపు తలుపును తట్టెను. పట్టికలో లేనివారిని గూర్చి అడిగెను. ఆ ప్రశ్నను ఏ కంప్యూటరును తనంతట తాను అడుగదు. రేపు మీలో కొందరు వైద్యులగుదురు, కొందరు ఇంజనీరులగుదురు, కొందరు గ్రామమునో నగరమునో పాలించు నధికారులగుదురు. మీ బల్లపైకి ఒక పట్టిక వచ్చినపుడు, అందున్న పేర్లను చదివి ఊరకుండకుడు. "ఇందు లేనివారెవరు?" అని ఒక్కసారి అడుగుడు. ఆ ప్రశ్న వేయగలవారున్న నగరమే నిజముగా కన్నులు గల నగరము.